ఖాళీ గది బావ

మా బావ దగ్గర ఉన్నది ఒక్కటే ప్రశ్న. మీరు కొత్త ఇల్లు కట్టానని చెప్పండి, పిల్లకి ఈత నేర్పానని చెప్పండి, మోకాలి నొప్పికి మందు కనిపెట్టానని చెప్పండి. అంతా బుద్ధిగా వింటాడు. మధ్యమధ్య "ఆహా" అంటాడు, "భేష్" అంటాడు. చివర్న మాత్రం గడ్డం గోక్కుంటూ, "అదంతా సరే. ఖాళీ గదిలో అవుతుందా?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్న మొదటిసారి విన్నవాళ్ళు బిక్కమొహం వేస్తారు. రెండోసారి విన్నవాళ్ళు ఆయన కనబడితే పక్క సందులోంచి వెళ్ళిపోతారు. మా అక్క ఆయన్ని పెళ్ళి చేసుకుంది కాబట్టి ఆవిడకి ఆ సందు లేదు. నేను ఆయన ఆఫీసులోనే పనిచేస్తున్నాను కాబట్టి నాకూ లేదు. పగలు నేను, మిగతా వేళల్లో అక్క ఆయన్ని భరిస్తున్నాం.

ఈ పిచ్చి ఆయనకి ఉద్యోగంలో పట్టుకుంది. మాది చిన్న ఆఫీసు. ఒక హాలు, మేనేజరుకి ఒక గాజు గది, మిషన్లకి ఒక చల్లగది, మెట్ల కింద ఎవరూ తెరవని అలమర. జబ్బు చేసి గొంతు పోయినవాళ్ళకి మేము మాటపెట్టెలు తయారుచేస్తాం. పెట్టె మీద అక్షరాలు నొక్కితే అది పైకి మాట్లాడుతుంది. అందులో నడిచే ప్రోగ్రాముని ఎవరో ఒకరు కూర్చుని రాస్తారు. ఆ రాసినదాన్నే సోర్స్ కోడ్ అంటారు. రాసినంత మాత్రాన అది పెట్టెలోకి ఎక్కదు. యంత్రానికి అర్థమయ్యేలా మార్చి, ఏది ఎక్కడ సర్దుకోవాలో కూడా చెప్పి మూటకట్టాలి. ఆ మూటే ప్యాకేజీ. మూట కట్టడానికి మళ్ళీ ఇంకో ప్రోగ్రాము. దానికేదో ఇంగ్లీషు పేరుంది కానీ మా ఆఫీసులో అందరం మూటల మిషన్ అనే అంటాం. దానికి కాపలాదారు, పూజారి, వైద్యుడు అన్నీ మా బావే.

మూటల మిషన్ ఎలా నడవాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటుంటుంది. అందులో బావ రాసిన మొదటి ఆజ్ఞ, ప్రతి మూటకీ ముందు కంప్యూటర్ లోపల ఒక ఖాళీ గది కట్టమని. అంటే చుట్టూ గోడలు పెట్టి వేరుచేసిన చోటు. రెండో ఆజ్ఞ, ఇంటర్నెట్ తలుపు మూసెయ్యమని. మూడోది, ఈ మూటకి ఫలానావి కావాలి అని ఫైల్లో రాసినవి మాత్రమే లోపలికి రానివ్వమని. రాయనిది రాదు. పని కాగానే గదిని తుడిచిపెట్టేస్తుంది. తర్వాతి మూటకి మళ్ళీ కొత్త గది.

"ఎందుకు బావా ఇంత చాదస్తం? మన కంప్యూటర్లో అన్నీ ఉన్నాయిగా, అందులోనే కట్టేస్తే పోలా?" అని ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను.

"అన్నీ ఉండటమే కదమ్మా మరదలా గొడవంతా! దేన్ని వాడుకుని కట్టామో మనకే తెలీదు. రేపు అవేవీ లేనివాడి చేతికి ఈ మూట వెళ్తుంది. వాడేం చేస్తాడు పాపం?"

"ఏం చేస్తాడు?"

"మనల్ని తిడతాడు. వాడి నోరు పాడవకూడదనే నా తాపత్రయం."

ఆఫీసులో ఇదంతా బాగానే ఉండేది. ఆయన దీన్ని ఇంటికి మోసుకెళ్ళడంతో వచ్చింది అసలు చిక్కు. మా అక్క టీ బాగా పెడుతుంది. ఒక ఆదివారం ఎవరో చుట్టాలు తాగి మెచ్చుకుని ఎలా పెడతావని అడిగారు. అక్క మురిసిపోతూ చెప్పింది. బావ గడ్డం గోక్కున్నాడు. నాకు అప్పుడే భయం వేసింది.

మరుసటి ఆదివారానికి వంటిల్లు ఖాళీ. గిన్నెలు సోఫా మీద, డబ్బాలు మంచం మీద, గరిటెలు బట్టల బీరువాలో. స్టవ్‌ని సైతం ఊడదీసి వరండాలో కూర్చోబెట్టాడు. అక్క చేతికి చీటీ ఇచ్చి, కావలసినవన్నీ రాయమన్నాడు. అక్క రాసింది: టీపొడి, పాలు, చక్కెర, గిన్నె, గ్లాసులు. బావ అవి మాత్రం తెచ్చి లోపల పెట్టాడు.

"స్టవ్ ఏదండీ?" అంది అక్క.

"రాశావా?"

"స్టవ్ కూడా రాయాలా? చేతుల్లో మరిగించుకుంటామా ఏం?"

"రాయనిది రాదు."

అక్క పళ్ళు నూరుతూ స్టవ్ రాసింది. స్టవ్ వచ్చింది, లైటర్ రాలేదు. లైటర్ వచ్చింది, నీళ్ళు లేవు. నీళ్ళొచ్చాయి, వడకట్టేది లేదు. పొద్దున మొదలుపెట్టిన టీ మేము భోజనాల వేళకి తాగాం. బావ గ్లాసు పైకెత్తి, "ఇప్పుడు అయింది! ఈ చీటీతో ఎవరైనా ఎక్కడైనా నీలా టీ పెట్టొచ్చు," అన్నాడు.

"పెళ్ళికి ముందు మిమ్మల్ని ఒక ఖాళీ గదిలో పెట్టి చూడాల్సింది," అంది అక్క. "మా నాన్నకి ఆ తెలివి లేకపోయింది."

ఊరెళ్ళాలన్నా ఇదే తంతు. పెట్టె సర్దుకుని, ముందు రోజంతా పడగ్గదిలో ఉన్నవన్నీ బయటికి తోసి, ఆ పెట్టెలో ఉన్నవాటితోనే గడుపుతాడు. సబ్బు మరిచాం, దువ్వెన మరిచాం అని లోపల్నించి కేకలు వేస్తుంటాడు. ఒకసారి ఈ పరీక్ష ప్రయాణం రోజుదాకా సాగి ఎంత పకడ్బందీగా జరిగిందంటే, ఒక్క వస్తువు కూడా లోటు రాలేదు. రైలు మాత్రం వెళ్ళిపోయింది. స్టేషన్లో అక్క చూసిన చూపుకి బావ నీళ్ళు నమిలాడు. "పెట్టెలో గడియారం పెట్టలేదు," అని గొణిగాడు.

ఆయనకి ఇంకో గుణం కూడా ఉంది, చెప్పకపోతే కథ నడవదు. మాటలు. ఖాళీ గదిని తప్ప దేన్నీ ఖాళీగా ఉంచలేడు. లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కాన్ఫిగరేషన్ ఫైలు వివరిస్తాడు. రాంగు నంబరు వస్తే ఫోను పెట్టనివ్వడు. ఆయన తుమ్మేటప్పుడు మాత్రమే మా ఆఫీసులో మిగతావాళ్ళకి అవకాశం దొరుకుతుంది.

అలాంటి బావకి పెద్ద పరీక్ష పెట్టింది టీచరుగారు. పెద్దావిడ. బళ్ళో తరతరాలకి పాఠాలు చెప్పిన మనిషి. గొంతులో ఆపరేషన్ అయి మాట పోయింది. ఆపరేషన్‌కి ముందే మా ఆఫీసువాళ్ళు ఆవిడ చేత బోలెడన్ని వాక్యాలు చదివించి రికార్డు చేసుకున్నారు. వాటినించి ఆవిడ గొంతునే మళ్ళీ పలికించే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని మేము గొంతుమూట అంటాం. దాంతో ఆవిడ పెట్టె అచ్చం ఆవిడలాగే మాట్లాడేది. ఫోన్లో విన్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళట.

ఆ పెట్టె మేడ మెట్ల మీంచి జారి పడి ముక్కలైంది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు. కొత్త పెట్టె లోపలి యంత్రం వేరు, పాత మూట అందులోకి ఎక్కదు. సోర్స్ కోడ్ నుంచి గొంతుమూటని మళ్ళీ కట్టాలి. దాన్ని అప్పట్లో కట్టింది మా పాత ఇంజనీరు, తన సొంత బల్ల మీది కంప్యూటర్లో. ఆయన రిటైరయ్యాడు, ఆ కంప్యూటర్ ఎప్పుడో కాలిపోయింది. ఫోన్ చేసి ఎలా కట్టారు సార్ అని అడిగితే, "ఏమోనయ్యా, నా మిషన్లో అయ్యేది," అన్నాడు.

బావ ఫోను పెట్టేసి ఆ రోజంతా ఈ ఒక్క వాక్యాన్నే తిట్టాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. కొత్త పెట్టెలో రెడీమేడ్‌గా వచ్చే గొంతు ఎక్కించి టీచరుగారికి ఇప్పించేశాడు. మర్నాడే ఆవిడ బస్సు దిగి వచ్చి, పెట్టె మేనేజరు బల్ల మీద పెట్టి, చేతిసంచీలోంచి పలక తీసి రాసింది. "ఈ గొంతు ఎవరిదో వారికే ఇచ్చేయండి." అంతే, వెళ్ళిపోయింది. బావ ఆ సమయంలో చల్లగదిలో మిషన్ల వెనక దూరి ఉన్నాడు. ఆవిణ్ణి చూడలేదు.

"మీరు వెళ్ళి ఆవిడకి నచ్చజెప్పి రండి. మీరు మాట్లాడితే ఎవరైనా ఒప్పుకుని తీరతారు, వదిలించుకోడానికైనా," అని మేనేజరు బావని వాళ్ళింటికి పంపాడు.

బావ సాయంత్రం వెళ్ళి, మర్నాడు పొద్దున్నే వచ్చి చెప్పాడు. "నచ్చజెప్పడం అయిందండీ."

"ఒప్పుకుందా?"

"నేను ఒప్పుకున్నాను. ఆవిడ గొంతు ఆవిడకి కట్టి ఇస్తానని."

మేనేజరు తల పట్టుకున్నాడు. టీచరుగారి పాత విద్యార్థులంతా ఒక శనివారం బళ్ళో కలుస్తున్నారట. ఆవిడ మునుపటిలా హాజరు పిలవాలని వాళ్ళ కోరిక. ఆ శనివారం ఎంతో దూరం లేదు. పిలిస్తే తన గొంతుతోనే పిలుస్తాను, లేకపోతే రాను అని ఆవిడ పట్టు. ఆ ముందు శుక్రవారం మధ్యాహ్నానికి మూట తయారైతే సరి, లేకపోతే రెడీమేడ్ గొంతుతోనే సరిపెట్టమని చెప్పేస్తానని మేనేజరు గడువు పెట్టాడు.

మా ఆఫీసులో ఒక కుర్ర హీరో ఉన్నాడు. ముప్ఫై దాటినా ఆ పేరు పోలేదు. ఏ పని చెప్పినా, చెప్పే వాక్యం పూర్తికాకముందే "అయిపోయింది!" అంటాడు. అందుకని ఆయన్ని 'అయిపోయింది' అనే పిలుస్తాం. గొంతుమూట సంగతి వినగానే తన కంప్యూటర్లో, ఉన్నవాటి మధ్యనే, ఇంటర్నెట్ బార్లా తెరిచి కట్టేశాడు.

"అయిపోయింది!"

"ఖాళీ గదిలో అవుతుందా?" అన్నాడు బావ.

"ఖాళీ గది ఎందుకు గురువుగారూ, మూట ఇదిగో."

మూటని కొత్త పెట్టెలోకి ఎక్కించారు. పెట్టె ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఎంత నొక్కినా కిక్కురుమనలేదు. ఆయన కంప్యూటర్లో ఉన్నదేదో ఒకటి లేకపోతే ఆ మూట నడవదని తర్వాత తేలింది. అదేదో ఆయనకీ తెలీదు.

బావ చొక్కా చేతులు మడిచాడు. ఖాళీ గది కట్టాడు, సోర్స్ కోడ్ లోపల పెట్టాడు, కట్టమన్నాడు. ఫలానాది లేదు అంటూ ఆగింది. ఆ ఫలానాదాన్ని వెతికి, దాన్ని కూడా సోర్స్ నుంచే ఇంకో ఖాళీ గదిలో కట్టి, ఫైల్లో పేరు రాశాడు. గది తుడిచి మళ్ళీ మొదలు. ఈసారి ఇంకోటి లేదంది. అది కట్టబోతే దానికి మరొకటి కావాలంది. రోజూ పొద్దున నేను వెళ్ళేసరికి బావ తెర ముందు కూర్చుని, "ఇంకేం కావాలి తల్లీ, చెప్పు," అని దాన్ని బతిమాలుతూ కనబడేవాడు. విసుగన్నది లేదు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

"ఆ ఇంటర్నెట్ తలుపు కాస్త తెరవకూడదా? కావలసినవి అదే తెచ్చుకుంటుందిగా," అన్నాడు మేనేజరు.

"ఇవాళ తెచ్చుకుంటుంది సార్. ఇంకో రెండేళ్ళకి ఆవిడ పెట్టె మళ్ళీ పడుతుంది. అప్పటికి ఆ తలుపు అవతల ఏముంటుందో ఏం పోతుందో! అప్పుడు మీరూ నేనూ ఉంటామో లేదో. వచ్చినవాడు ఈ ఫైలు చూసి కట్టుకోగలగాలి. ఆవిడ గొంతు నా మిషన్ని నమ్ముకుని ఉండకూడదు."

మేనేజరు తలూపి గాజు గదిలోకి వెళ్ళిపోయాడు. గడువు మాత్రం మార్చలేదు.

ఇదే రోజుల్లో అక్క ఒక సాయంత్రం నన్ను మేడ మీదికి లాక్కెళ్ళి తలుపేసింది.

"మీ బావ ఆఫీసు అవగానే ఎక్కడికి వెళ్తున్నారే?"

"టీచరుగారింటికి అక్కా. టెస్టింగ్ అని చెప్పాడు."

"టెస్టింగుకి పలకెందుకు? బలపాలెందుకు? కాలికి బలపం కట్టుకుని తిరుగుతారంటే విన్నాను కానీ ఈయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. చొక్కాలన్నీ పిండే! పైగా ఇది చూడు." అక్క కూరగాయల చీటీ ఒకటి చూపించింది. బావ అక్షరాలు మామూలుగా వాన వెలిసిన తర్వాత చీమల్లా ఎటు పడితే అటు పోతుంటాయి. ఈ చీటీలో అక్షరాలు గుండ్రంగా, వరసలో, తలకట్లు సర్దుకుని నిలబడ్డాయి.

"ఈ వయసులో ఈయనకి దస్తూరీ నేర్పుతున్నది ఎవరు?" అంది అక్క. "ఇంకా విను. ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే మాటలు మొదలు. ఇదివరకూ ఇంతే అనుకో, కానీ ఇప్పుడు మరీ ఎక్కడో మూతపెట్టి దాచి తెచ్చినట్టు ఒక్కసారిగా గుమ్మరిస్తున్నారు. నా చెవులు తట్టుకోలేకపోతున్నాయి."

నేను బావని అడిగాను. "టెస్టింగ్ అమ్మా మరదలా, టెస్టింగ్," అన్నాడు. జీవితంలో మొదటిసారి రెండు మాటల్లో ఆపేశాడు. నాకూ అనుమానం మొదలైంది.

గడువుకి రెండ్రోజుల ముందు మూట తయారైంది. మూటల మిషన్ ఖాళీ గదిలో, తలుపులు మూసి, మొదట్నించి చివరిదాకా ఎక్కడా ఆగకుండా కట్టింది. హాలంతా చప్పట్లు. 'అయిపోయింది' అయితే ఈలే వేశాడు. కొత్త పెట్టెలోకి మూట ఎక్కించి, బావ "నమస్కారం" అని నొక్కాడు.

పెట్టె ఊపిరి పీల్చింది. టీచరుగారి ఊపిరే, పాఠం మొదలుపెట్టే ముందు పీల్చేలాంటిది. అందరం చెవులు రిక్కించాం. అంతే. ఇంకేం లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఊపిరి, మళ్ళీ నిశ్శబ్దం. ఎన్నిసార్లు నొక్కినా పెట్టె నోరు తెరవబోయి మానేస్తోంది. మూటల మిషన్ మాత్రం ఏ తప్పూ లేదు, అన్నీ ఉన్నాయి అంటోంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర బావ మాట్లాడలేదు. మేము అలవాటు కొద్దీ ఆయన ఆపేదాకా ఆగుదామని కూర్చుని, ఆయన మొదలే పెట్టలేదని ఆలస్యంగా గుర్తించాం.  ఆయన వాగుడు మీద ఎన్ని జోకులేసినా, అది లేని హాలు నాకు నచ్చలేదు.

దిగులు పుడితే బావ వంటిల్లు ఖాళీ చేస్తాడు. మర్నాడు, గురువారం పొద్దున, ఆఫీసుకి కలిసి వెళ్దామని నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి గిన్నెలన్నీ సోఫా మీద ఉన్నాయి. ఈసారి చీటీ ఆయనే రాశాడట. ఏదీ మరవకుండా స్టవ్, లైటర్, నీళ్ళు, వడకట్టేది, పట్టుకోడానికి గుడ్డముక్క, అన్నీ. ఏది ముందో ఏది వెనకో కూడా రాశాడు. అక్క లోపల నిలబడి చీటీని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూస్తోంది, దగ్గరికి తెచ్చి చూస్తోంది.

"ఇంకా మొదలుపెట్టవేం? ఏం తక్కువైంది?" అన్నాడు బావ గుమ్మంలోంచి.

"ఏమీ తక్కువ కాలేదు."

"మరి?"

"నా కళ్ళజోడు హాల్లో పెట్టేశారుగా మహానుభావా! మీ ముత్యాల్లాంటి అక్షరాలు నాకు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. సామానంతా తెచ్చి పడేస్తే సరా? లోపలున్న మనిషికి చదవడానికి వీలుండొద్దూ?"

బావ కొయ్యబారిపోయాడు.  అక్క భయపడి చీటీ పారేసింది.

"ఏమన్నావు?"

"ఏమన్నాను? కళ్ళజోడన్నాను."

"మరదలా!" అని ఇల్లు అదిరిపోయేలా అరిచాడు. "గదికి తెలుగు రాదు! అన్నీ ఇచ్చాం, చదవడం ఇవ్వలేదు!" అంటూ వీధిలోకి పరుగు. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి అక్క చెప్పు. నేను వెనకాల పరుగు.

దారిలో రొప్పుతూ చెప్పాడు. ఏ కంప్యూటర్లోనైనా ఏ భాష అక్షరాలు చదవాలో చెప్పే సెట్టింగ్ ఒకటుంటుంది. పాత ఇంజనీరు తన కంప్యూటర్లో ఎప్పుడో తెలుగు పెట్టుకుని మరిచిపోయాడు. అది కూడా ఒక సామానేనని ఎవరికీ తోచలేదు, ఎక్కడా రాయలేదు. మా ఖాళీ గదిలో ఏ భాషా లేదు. ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పే ఫైళ్ళన్నీ తెలుగులో ఉన్నాయి. గది వాటిని చూసి, ఇదేదో గీతల్లే అనుకుని, మర్యాదగా, ఎవరికీ చెప్పకుండా అవతల పారేసింది.

కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క వరస రాశాడు, ఈ గదిలో భాష తెలుగు అని. పాత గది తుడిచి కొత్త గది కట్టి మొదలుపెట్టాడు. మధ్యాహ్నం టీ వేళకి మూట వచ్చింది. పెట్టెలోకి ఎక్కించి, "ఆ" అన్న ఒక్క అక్షరం నొక్కాడు.

"ఆ," అంది పెట్టె. నిండుగా, కాస్త గదమాయింపుగా. హాల్లో మేనేజరుతో సహా అందరం సర్దుకుని కూర్చున్నాం.

"ఇంకేదైనా అనిపించండి గురువుగారూ!" అన్నాడు 'అయిపోయింది'.

బావ పెట్టె మూసేశాడు. "చాలు. మిగతావి ఆవిడ మాటలు."

శుక్రవారం పొద్దున టీచరుగారు వచ్చింది. ఉతికి గంజిపెట్టిన చీర, చేతిసంచీలో పలక. అక్కని కూడా బావే పట్టుబట్టి రప్పించాడు, పని నీ కళ్ళజోడు వల్లే అయింది, నువ్వు లేకపోతే ఎలా అని. అందరం పెట్టె చుట్టూ మూగి నిలబడ్డాం. ఆవిడ బావని చూసి ఆప్యాయంగా తల పంకించి, కుర్చీలో కూర్చుని, పెట్టె దగ్గరికి లాక్కుంది. ఒక్కో అక్షరమే వెతికి నొక్కింది.

"వెనకున్నవాళ్ళు ఎందుకు నిలబడ్డారు? కూర్చోండి," అంది పెట్టె.

అందరం కూర్చున్నాం. కుర్చీలు చాలక 'అయిపోయింది' నేల మీద కూర్చున్నాడు. ఆవిడ తన గొంతు తానే విని కళ్ళు మూసుకుంది.  నాకు ఏడుపొచ్చింది, అక్క అప్పటికే మొదలుపెట్టింది.

అప్పుడు బావ కట్టలు తెంచుకున్నాడు. "టీచరుగారూ! గొంతు సరిగ్గా ఉందాండీ? చివర కాస్త తగ్గినట్టు అనిపిస్తే చెప్పండి, దానికి వేరే సెట్టింగ్ ఉంది. ఒత్తులు ఎలా పలుకుతోందో చూడండి. నిన్న అసలు ఏం జరిగిందంటే, మా ఆవిడ కళ్ళజోడు హాల్లో..."

టీచరుగారు కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది. గుడ్లు అంతంత చేసుకుని చూస్తోంది. చెయ్యెత్తి ఆపమంది. గబగబా నొక్కింది.

"మీకు మాటొచ్చా?" అంది పెట్టె.

 అక్క కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది.

"మాటా?" అంది అక్క. "మాట తప్ప ఆయనకి ఇంకేం వచ్చండీ?"

పెట్టె మళ్ళీ అందుకుంది. "పని ఎంతవరకూ వచ్చిందో చెప్పడానికి రోజూ మా ఇంటికి వచ్చారు. ఒక్కరోజు నోరు విప్పలేదు. పలక మీదే రాశారు, అక్షరాలు నేనే దిద్దించాను. పాపం ఈయనకీ నాలాగే గొంతు పోయింది, అందుకే ఇంత పట్టుదల అనుకున్నాను. మీరూ ఒక పెట్టె చేసుకోకూడదా అని అడిగాను కూడా. 'ముందు మీది' అని రాశారు."

అందరం బావ వైపు తిరిగాం. బావ నేల చూపులు చూస్తున్నాడు.

"మొదటిరోజు తలుపు తీసి, ఎవరు అని పలక మీద రాసి చూపించారండీ," అన్నాడు మెల్లగా. "చెబుదామని నోరు తెరిచాను. లోపల ఎవరో చూడ్డానికి వచ్చి ఉన్నారు. ఈవిడకి చెవుడు ఉన్నట్టు గట్టిగట్టిగా మాట్లాడేసి, జవాబు రాసేదాకా కూడా ఆగకుండా వెళ్ళిపోయారు. ఈవిడ సగం రాసిన పలక తుడిచేసుకున్నారు. ఇంక నేనెలా మాట్లాడతాను? ఆ గదిలో మాట లేదు. లేనిదాన్ని నేను బయట్నించి పట్టుకెళ్ళకూడదు కదా."

నేను ఆయన్ని ఇన్నేళ్ళుగా ఎరుగుదును. ఖాళీ గది అన్నప్పుడల్లా నవ్వాను, ఎగతాళి చేశాను, వెనకాల అనుకరించి చూపించాను. లిఫ్టులో కూడా ఆగలేని ఆ నోరు అన్ని సాయంత్రాలు ఆవిడ ఎదురుగా మూసుకుని కూర్చుందంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి గుమ్మరించిన మాటలన్నీ ఎక్కడివో అప్పుడు అర్థమైంది. అక్కకి కూడా అర్థమైనట్టుంది, ఆయన చొక్కా మీది బలపం పిండిని కొంగుతో దులుపుతోంది. ఆ క్షణంలో ఆయన అడిగితే తన వంటిల్లు గోడలతో సహా ఖాళీ చేసి ఇచ్చేదే.

"చెయ్యి చాపండి," అంది పెట్టె.

ఆ గొంతులో ఏముందో కానీ, మా బావ తప్పు చేసిన పిల్లాడిలా లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాపాడు. మేనేజరు కూడా ఎందుకో తన చేతులు వెనక్కి దాచుకున్నాడు. టీచరుగారు చేతిసంచీలోంచి తన పలక తీసి బావ చేతిలో పెట్టింది. తర్వాత రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని కాసేపు వదల్లేదు. అప్పుడు ఏమీ నొక్కలేదు.

శనివారం బళ్ళో ఆవిడ హాజరు పిలిచింది. బావ కూడా వెళ్ళాడు, పెట్టెకి ఏమైనా అవసరం వస్తుందేమోనని వెనక బెంచీలో కూర్చున్నాడు. అందరి పేర్లూ అయ్యాక ఆవిడ ఆయన పేరు కూడా పిలిచిందట. ఆయన లేచి, "ఉన్నానండీ," అని ఆగకుండా, ఆ పేరు కొత్త పెట్టె ఎలా పలికిందో విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. "కూర్చో," అందట పెట్టె.

ఆ పలక ఇప్పుడు అక్క వంటింటి గోడకి వేలాడుతోంది. ఎప్పుడు వంటిల్లు ఖాళీ చేసినా దాన్ని మాత్రం కదపనివ్వదు. సాయంత్రం బావ గుమ్మంలో చెప్పులు విడవకుండానే మొదలుపెడితే, కాసేపు విని, పలక తీసి ఆయన చేతికిస్తుంది. ఆయన వెంటనే నోరు మూసుకుని, గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. మొన్న నేనున్నప్పుడే ఇచ్చింది. ఏం రాశాడా అని తొంగిచూశాను.

"టీ ఉందా?"

అక్క బలపం లాక్కుని కింద రాసింది. "చీటీలో రాశారా?"